అల తగిలిన పడవ

"దుప్పటి కూడా పట్టుకెళ్ళిపోయింది," అంది లూసియెన్.

లోవెల్ పికరింగ్ వంటింటి గుమ్మంలో నిలబడి టై ముడి బిగించుకుంటున్నాడు. ఆ మాటకి చెయ్యి ఆగింది.

"ఎప్పుడు?"

"నువ్వు స్నానాలగదిలో ఉండగా. రెండు సంచులు, ఒక దుప్పటి. నిన్ననే డీన్ దగ్గర చీటీ రాయించుకుందట. మూడో అంతస్తులో ఖాళీగా ఉన్న గది ఇచ్చారు. కాలేజీకి వెళ్ళేముందు హాస్టల్ అలవాటు చేసుకోవాలని కారణం రాసింది."

"కారణం బాగానే ఉంది కదా."

"లోవెల్!"

"అది కాదు, నేననేదేమిటంటే..."

"గొంతు తగ్గించు."

గోడలకు చెవులుంటాయని అందరూ అంటారు గానీ, పికరింగ్ వాళ్ళ వంటింటి గోడకు నిజంగానే యాభై ఆరు చెవులున్నాయి. గోడకు అవతల ఇరవై ఎనిమిదిమంది ఆడపిల్లల హాస్టలు. ఇవతల బడివాళ్ళు ఇచ్చిన ఇల్లు. ఇల్లు ఉచితం, దానితోపాటు ఆ పిల్లల జ్వరాలూ, ఏడుపులూ, పోగొట్టుకున్న తాళంచెవులూ ఉచితం. పదిహేడేళ్ళుగా ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం గుసగుసగానే పోట్లాడుకుంటున్నారు. అదెంత కష్టమో చేసి చూస్తేగాని తెలియదు. తిట్టులో సగం బలం గొంతులోనే ఉంటుంది.

లూసియెన్ పెనం మీద బక్‌వీట్ పిండి అట్టు పోసింది. మెయిన్ రాష్ట్రం ఉత్తరాన, కెనడా సరిహద్దు దగ్గర ఆమె పుట్టిల్లు. మనసు బాగోలేనప్పుడల్లా అమ్మ నేర్పిన అట్లు పోస్తుంది. ఈ వారంలో ఇది నాలుగోసారి.

"టాబీ నాతో మాట్లాడకపోతే నేను తట్టుకోగలను," అంది, అట్టు మీదినుంచి చూపు తిప్పకుండా. "పదిహేడేళ్ళ పిల్ల, అమ్మతో మాట్లాడకపోవడం దాని వయసు. కానీ అది నీతో మాట్లాడటం మానేసింది. పుట్టినప్పటినుంచి నాన్న కూచి అది. దానికి జ్వరమొస్తే నర్సుని నేనుండగా నిన్ను పిలిచేది."

"పడవలో సీటు పోయింది కాబట్టి కోపం. రెండురోజుల్లో తగ్గుతుంది."

"ఎనిమిది రోజులైంది."

"పోటీ పోటీయే లూసీ. మొదటిసారి టాబీ ఉన్న పడవ సగం పడవ దూరం ముందుంది. అమ్మాయిల్ని మార్చాను. అప్పుడు జోస్లిన్ ఉన్న పడవ నిండు పడవ దూరం ముందుకొచ్చింది. అంటే జోస్లిన్ ఎక్కువ..."

"ఈ లెక్క నువ్వు నాకు చెప్పడం ఇది పదోసారి. నేనడిగింది లెక్క కాదు. పోయిన బుధవారం నీటిమీద ఏం జరిగింది?"

 అతడు కాఫీకప్పు ఎత్తి, ఖాళీగా ఉందని చూసి, మళ్ళీ పెట్టాడు.

"అదిగో," అంది లూసియెన్. "నువ్వు అబద్ధం చెప్పలేవు. ఆ సంగతి నాకు తెలుసు, నీకూ తెలుసు. అందుకే నోరు మూసుకుంటావు."

తలుపు మీద చప్పుడైంది. ఇద్దరూ ఒక్కసారిగా మొహాలు సర్దుకున్నారు. తల తుడుచుకుంటూ ఒక పిల్ల లోపలికి తొంగి చూసింది.

"మిసెస్ పికరింగ్, మా టోస్టర్‌లోంచి మళ్ళీ పొగలొస్తున్నాయి."

"ప్లగ్గు తీసెయ్యి తల్లీ, వస్తున్నా," అంది లూసియెన్ నవ్వుతూ. తలుపు మూసుకున్నాక నవ్వు పోయింది. "అట్టు తిను. మాడిపోయింది, అదే తిను."

అయిందేమిటంటే ఇదీ.

లోవెల్ పికరింగ్ ఆ బళ్ళో ఇరవైరెండేళ్ళుగా లాటిన్ మాస్టారు. మధ్యాహ్నం రెండున్నర దాటాక అమ్మాయిల పడవలకి కోచ్. మొదటి పడవలో నాలుగే సీట్లు. ఆ నాలుగో సీటుకి ఇద్దరు మిగిలారు, ఒకరు అతని కూతురు టాబిథా, రెండోవారు బడి ట్రస్టీగారి అమ్మాయి జోస్లిన్ వెదరిల్. ఎవరికివ్వాలో తేల్చే పద్ధతి వాళ్ళకొకటుంది. రెండు పడవలూ పక్కపక్కన మూడు నిమిషాలు పోటీపడాలి. తరవాత గట్టుకి రాకుండా, నది మధ్యలోనే ఆ ఇద్దరమ్మాయిలూ పడవలు మారాలి. మళ్ళీ మూడు నిమిషాలు. ఎవరున్న పడవ ఎక్కువ దూరం ముందుంటుందో వాళ్ళదే సీటు. కోచ్ వెనకాల మోటారు బోటులో వస్తూ చూస్తుంటాడు.

వెనకాలే ఉండాలి. అది అతడే పెట్టిన నియమం. మోటారు బోటు దగ్గరకొచ్చి వేగం తగ్గిస్తే దాని వెనకాల అల ముందుకొచ్చి, అంత సన్నటి పడవల్ని ఊపేస్తుంది. అల తగిలిన పోటీ చెల్లదు. పడవ చివర కూర్చుని చుక్కాని పట్టుకునే పిల్ల చెయ్యి ఎత్తితే చాలు, మళ్ళీ పెట్టాలి.

ఆ బుధవారం రెండో పోటీ ఆఖరి నిమిషంలో లోవెల్ తన కూతురి మొహం చూశాడు. తెడ్డు వేసేవాళ్ళు వెనక్కి తిరిగి కూర్చుంటారు కాబట్టి ఆమె మొహం అతనికేసే ఉంది. పళ్ళు బిగించి, చెమటతో, వాళ్ళ నాన్నమ్మ పోలికలు ముంచుకొచ్చి. ఆ ఒక్క క్షణం అతడు కోచ్ కాదు, తండ్రి. చూస్తూ చూస్తూ దగ్గరికి పోయాడు. తెలివొచ్చి టక్కున ఇంజన్ తగ్గించాడు. అల వెళ్ళి టాబీ ఉన్న పడవకి తగిలింది. నాలుగు తెడ్లూ తడబడ్డాయి.

చుక్కాని పట్టుకున్న మిన్నా చెయ్యి ఎత్తలేదు. పడవలో ఆమె తప్ప ఇంకెవరూ నోరెత్తకూడదు. కాబట్టి టాబీ నోరెత్తలేదు. అంతా చూసిన లోవెల్ మళ్ళీ పెడదామని నోరు తెరిచి, కూతురు ఓడిపోతే పోటీ మళ్ళీ పెట్టాడంటారని భయపడి, నోరు మూసుకున్నాడు.

తీరా జరిగిందేమిటి? బడంతా ఇప్పుడు, ట్రస్టీ కూతురికి సీటిచ్చి మంచి చేసుకున్నాడని చెప్పుకుంటోంది. ఎటు తిరిగినా అడకత్తెరే.

*

మూడో పీరియడ్ లాటిన్. ఏడుగురు పిల్లలు, ఒక పెద్ద గుండ్రటి బల్ల. బల్లకి ఈ పక్క జోస్లిన్, ఆ పక్క మిన్నా. టాబీ ఎప్పుడూ తండ్రికి ఎదురుగా కూర్చుంటుంది. ఇవాళ కిటికీ పక్కకి జరిగింది.

బళ్ళో చేరిన రోజునే అతడు కూతురికి ఒక మాట చెప్పాడు. ఇంట్లో నాన్నని, నువ్వు అను. క్లాసులోనూ నీటిమీదా అందరిలాగే మేజిస్టర్ అను, మీరు అను. పిల్లలందరూ అతన్ని లాటిన్‌లో మాస్టారని అలాగే పిలుస్తారు. టాబీకి మొదట్లో నవ్వొచ్చేది. వంటింట్లో ఉప్పు అందించమన్నప్పుడు కూడా మేజిస్టర్ అని ఆటపట్టించేది.

ఇప్పుడామెకి ఇంట్లో పిలిచే అవసరం లేదు.

ఆనాటి పాఠం అతడు ఎంచుకున్నది కాదు. ప్రతి ఏడూ మే నెల మొదటివారంలో వచ్చే పాఠమే. పాతకాలపు రోమ్‌లో ఒక సేనాపతి. వరస తప్పి ఎవరూ యుద్ధానికి దిగవద్దని ఆజ్ఞ. శత్రువు రెచ్చగొడితే సేనాపతి కొడుకే ఆజ్ఞ మీరి దిగాడు.

"టాబిథా, అక్కడినుంచి," అన్నాడు లోవెల్.

ఆమె పుస్తకంలోకి చూస్తూ, ఎక్కడా తడుముకోకుండా చెప్పుకుపోయింది. "కొడుకు గెలిచాడు. చచ్చినవాడి కవచం తెచ్చి తండ్రి ముందు పెట్టాడు. తండ్రి మొహం తిప్పుకున్నాడు. వెంటనే సైన్యాన్ని సమావేశానికి పిలవమన్నాడు. అందరి ఎదుటా కొడుకు తల నరికించాడు."

"బాగుంది. తండ్రి చేసింది న్యాయమేనా?"

ఇరవైరెండేళ్ళుగా అడుగుతున్న ప్రశ్న. అలవాటుకొద్దీ నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక నాలుక కరుచుకున్నాడు.

జోస్లిన్ తలెత్తకుండా అంది, "న్యాయమే. కొడుకని వదిలేస్తే మిగతావాళ్ళు ఏమనుకుంటారు?"

"అయితే ఆయన చేసింది మిగతావాళ్ళ కోసమా?" అన్నాడు ఒక కుర్రాడు.

"మేజిస్టర్," అంది టాబీ.

"చెప్పు."

"కొడుకు ఆజ్ఞ మీరాడు, శిక్ష పడింది. సరే. ఆజ్ఞ మీరింది తండ్రే అయితే? అప్పుడు సమావేశం ఎవరు పిలవాలి?"

మిన్నా పెన్సిలు కింద పడింది. వంగి తీసుకోవడానికి కావలసినదానికంటే ఎక్కువసేపు బల్ల కిందే ఉంది.

లోవెల్ కళ్ళజోడు తీసి తుడిచాడు. చూసిందన్నమాట. వెనక్కి తిరిగి కూర్చుంటుంది కదా, మోటారు బోటు రావడం, ఆగడం, అల లేవడం అన్నీ కళ్ళారా చూసింది. తను చెపుతాడేమోనని ఎనిమిది రోజులు ఎదురుచూసి, చెప్పకపోయేసరికి దుప్పటి చుట్టుకుని పోయింది. అతనికి బల్లకింద దూరాలనిపించింది. అక్కడ అప్పటికే మిన్నా ఉంది.

"మంచి ప్రశ్న," అన్నాడు. "తరవాతి వాక్యం చూద్దాం."

టాబీ పుస్తకం మూసేసింది.

గంట కొట్టగానే అందరూ వెళ్ళారు, జోస్లిన్ తప్ప. పొడుగాటి పిల్ల, ఎప్పుడూ భుజాలు వంచి నిలబడుతుంది, తన పొడుగుకి క్షమాపణ చెప్పుకుంటున్నట్టు.

"మేజిస్టర్, ఒక్క మాట. నేను గెలిచానా?"

"అదేం ప్రశ్న?"

"బడి ఐస్ రింక్ మా నాన్న డబ్బుతో కట్టారు, దానిమీద ఆయన పేరుంది కదా. బళ్ళో చేరినప్పటినుంచి నేనెక్కడ గెలిచినా ఆ రింకే గెలిచిందంటారు. నాకు అలవాటే. నిన్న భోజనాల దగ్గర ఎవరో నన్ను చూసి స్కేట్లు తెచ్చుకున్నావా పడవలోకి అన్నారు. నేనూ నవ్వాను. కానీ మీరు చెప్తే నమ్ముతాను. నేను గెలిచానా?"

ఇది అల గురించి తెలియక అడగడమో, తెలిసి అడగడమో అతనికి అర్థం కాలేదు.

"నీ తరవాతి క్లాసుకి ఆలస్యమవుతోంది," అన్నాడు.

జోస్లిన్ కాసేపు చూసింది. "గెలిచావని అనలేదు మీరు," అని, పుస్తకాలు గుండెకి హత్తుకుని వెళ్ళిపోయింది.

తను ఒక పిల్లకి అన్యాయం చేశాననుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇద్దరికి చేశాడు.

*

బడి నర్సుగదిలో లూసియెన్ ఒక ఫుట్‌బాల్ కుర్రాడి చీలమండకి కట్టు కడుతోంది. లోవెల్ గుమ్మం దగ్గర నిలబడి, కుర్రాడు కుంటుకుంటూ బయటికెళ్ళేదాకా ఆగాడు. తరవాత చెప్పేశాడు. బోటు, మొహం, ఇంజన్, అల. ఎనిమిది రోజులు కడుపులో పెట్టుకున్నది చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

లూసియెన్ కత్తెర కడిగింది. తుడిచింది. డబ్బాలో పెట్టింది.

"ఏమైనా అను," అన్నాడు.

"నాకెందుకు చెప్తున్నావ్? నేను ఏ పడవలో ఉన్నాను?"

"ఎలా చెప్పను లూసీ? ఎల్లుండి పోటీలు. ఇవాళ సాయంత్రం ఐదింటికి పేర్లు పంపేయాలి. ఇప్పుడు మళ్ళీ పెడితే..."

"పెడితే?"

"నా మాటకి విలువుంటుందా ఇంక? ఇరవైరెండేళ్ళు..."

"ఇరవైరెండేళ్ళ పరువు దాచుకోడానికి దాన్ని మూడో అంతస్తుకి పంపావు." ఆ గదికి గోడలు మందం. ఆమె గొంతు పెంచవచ్చు. పెంచలేదు. "ఒక సంగతి చెప్తాను విను. అది సీటు కోసం ఏడవడం లేదు. సీటు పోయినరోజు ఇంటికొచ్చి అన్నం తింది, నాకు గిన్నెలు తుడిచిపెట్టింది, నీకోసం హాల్లో కూర్చుంది. పది దాకా కూర్చుంది. నువ్వొచ్చి ఏమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. రేపటి పాఠం చదివావా అన్నాడు.

"ఆరోజు నాన్న ఏదో చెప్తాడని కూర్చున్న పిల్ల అది," అంది లూసియెన్. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంగా తుడుచుకుంది. "వెళ్ళు. నాకు పనుంది."

*

మూడింటికి నది మీద గాలి పడిపోయింది. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఎనిమిదిమంది అమ్మాయిలూ, చుక్కాని పట్టే ఇద్దరూ రేవు బల్ల మీద వరసగా నిలబడ్డారు. పడవలు ఇంకా నీళ్ళలోకి దించలేదు.

లోవెల్ మెగాఫోన్ కింద పెట్టాడు. దానితో చెప్పే మాట కాదు.

"పోయిన బుధవారం రెండో పోటీ చెల్లదు," అన్నాడు. "నా బోటు అల టాబిథా ఉన్న పడవకి తగిలింది. నేను చూశాను. అప్పుడే ఆపి మళ్ళీ పెట్టాల్సింది. పెట్టలేదు. మా అమ్మాయి కోసం పెట్టానని మీరంటారేమోనని భయపడ్డాను. తప్పు నాది. టాబిథాకి అన్యాయం చేశాను. జోస్లిన్‌కీ చేశాను, గెలిచిందో లేదో తెలియకుండా చేశాను. మిమ్మల్నందర్నీ క్షమించమని అడుగుతున్నాను."

 నది అవతల రైలు ఒకటి పోయింది, అది పోయేదాకా అందరూ దానికేసే చూశారు.

"నేను చెయ్యి ఎత్తాల్సింది," అంది మిన్నా. నాలుగడుగుల పదంగుళాల పిల్ల, నది మీద ఆమె కేక అవతలి ఒడ్డుకి వినిపిస్తుంది. ఇప్పుడు పక్కవాళ్ళకే సరిగ్గా వినపడలేదు. "ఎత్తబోయాను. కానీ వేరే పడవ మీద ఎత్తుతాం గానీ, కోచ్ మీద ఎలా ఎత్తుతాం?"

"నీ తప్పేం లేదు," అన్నాడు లోవెల్. "ఇకమీదట ఎత్తు. నా మీదే ముందు ఎత్తు."

ఎవరో కిసుక్కున నవ్వారు. బిగుసుకుపోయిన భుజాలు కాస్త వదులయ్యాయి.

"మళ్ళీ పెట్టండి," అంది జోస్లిన్. "ఇప్పుడే. నాకు తెలియాలి." ఆమె ఇప్పుడు నిటారుగా నిలబడింది.

లోవెల్ కూతురికేసి చూశాడు. టాబీ అతన్నే చూస్తోంది. ఎనిమిది రోజుల తరవాత మొదటిసారి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ మొహంలో ఏదో తేలికపడింది. చిన్నగా తలూపింది.  అతడు పడవలు దించమని చేత్తోనే చూపించాడు.

ఈసారి అతడు బాగా వెనకపడి ఉన్నాడు. ఇంజన్ వేగం ఒక్క గీత కూడా మార్చలేదు. కూతురి మొహం చూడకూడదని తెడ్లనే చూశాడు. మొదటి మూడు నిమిషాలకి టాబీ ఉన్న పడవ పోయినసారిలాగే సగం పడవ ముందుంది. నది మధ్యలో రెండు పడవల్నీ పక్కపక్కన పట్టుకున్నారు. జోస్లిన్ ఇటు, టాబీ అటు, వంగి, పాక్కుంటూ మారారు. మారేటప్పుడు టాబీ ఆమె భుజం పట్టుకుని నిలదొక్కుకోవడం కనిపించింది.

మళ్ళీ మూడు నిమిషాలు. మిన్నా అరుపులు, తెడ్ల చప్పుడు. ఆఖరి ఇరవై దెబ్బలూ టాబీ ఎలా వేసిందో అతనికి కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. ఆ పిల్లకి నాలుగేళ్ళప్పుడు ఈ నదిమీదే తన ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెడ్డు పట్టించాడు. లోపల తండ్రి అరుస్తున్నాడు. కోచ్ లెక్కపెడుతున్నాడు.

జోస్లిన్ ఉన్న పడవ ముప్పావు పడవ దూరంతో గెలిచింది.

రెండు పడవల చుక్కాని పిల్లలూ ఒకే మాట చెప్పారు. సందేహం లేదు, అల లేదు. సీటు జోస్లిన్‌దే, న్యాయంగా, రెండు పోటీల లెక్కా చూస్తే పావు పడవ తేడాతో.

*

రేవు బల్ల దగ్గర టాబీ జోస్లిన్‌ని కౌగిలించుకుంది. జోస్లిన్ ఏడ్చింది, టాబీ ఏడవలేదు. "రింక్ కాదు, నువ్వే," అంది. ఇద్దరూ నవ్వారు.

లోవెల్ మోటారు బోటు కట్టేసి మెట్లెక్కాడు. ఎన్నాళ్ళుగానో తల మీదున్న మూట దిగిపోయినట్టుంది అతనికి. ఊపిరి లోపలిదాకా ఆడుతోంది. కూతురు ఓడినందుకు బాధ ఉంది, లేదని కాదు. కానీ ఆ బాధ కింద, సిగ్గుపడవలసినంత హాయి ఉంది. తను ఎవరి సీటూ తీసెయ్యలేదు. సీటు ఎవరికి పోవాలో వాళ్ళకే పోయింది. రాత్రి నిద్ర పడుతుంది.

టాబీ షెడ్డులో తన తెడ్డు తుడుస్తోంది. మిగతావాళ్ళు పడవ మోసుకొస్తున్నారు. ఇద్దరే ఉన్నారు.

"బాగా వేశావ్," అన్నాడు.

"జోస్ బాగా వేసింది," అంది టాబీ. "ఆఖర్లో అది లాగింది చూడు, ఎక్కడినుంచి తెచ్చిందో ఆ బలం. నాకు లేదు నాన్నా."

నాన్నా అంది. షెడ్డులో, నీటి పక్కన, నియమం మరిచిపోయి నాన్నా అంది. లోవెల్‌కి గుండె పొంగింది. ఆ పొంగులో నోరు జారింది.

"చూశావా మరి," అన్నాడు. "ఎటూ ఫలితం మారలేదు. ఆ అల తగిలినా తగలకపోయినా ఇదే అయ్యేది."

టాబీ చెయ్యి ఆగింది. తెడ్డు మీది గుడ్డ అలాగే ఉంది.

"అంటే?" అంది.

"అంటే... ఏం లేదు. నువ్వు మనసులో పెట్టుకోవక్కర్లేదని. నీకు పోయిందేమీ లేదు కదా."

"పోయిందేమీ లేదు," అంది టాబీ నెమ్మదిగా. "కాబట్టి నీ తప్పు కూడా పోయింది."

"నేనలా అన్లేదు."

"అన్నావ్."

"టాబీ, నేను అందరి ముందూ ఒప్పుకున్నాను కదా. ఇంకేం చెయ్యాలి?"

"ఒప్పుకున్నావ్. నాకెంత సంతోషమేసిందో నీకు తెలీదు." ఆమె తెడ్డుకేసే చూస్తూ అంది. "గెలిస్తే గెలుస్తాను, ఓడితే ఓడతాను, ఏదైతే అదయింది, ఇవాళ సాయంత్రం సంచులు దించుకుని ఇంటికొచ్చేద్దామనుకున్నా. పడవ ఎక్కేటప్పుడే అనుకున్నా. అమ్మ ఇవాళ సూప్ చేస్తుందేమో అని కూడా అనుకున్నా."

 ఆ ఒక్క ముక్క, ఎటూ మారలేదన్న ఆ ఒక్క ముక్క, వెనక్కి తీసుకోగలిగితే లోవెల్ తన లాటిన్ అంతా ఇచ్చేసేవాడు.

"మరి... ఇప్పుడు?" అన్నాడు.

టాబీ తెడ్డుని దాని చోట నిలబెట్టింది. గుడ్డ మడిచింది. పడవ మోసుకొస్తున్నవాళ్ళు షెడ్డు తలుపు దాకా వచ్చారు. మిన్నా దారి ఇమ్మని కేకేసింది. టాబీ వెళ్ళి పడవ కింద భుజం పెట్టింది. మొహం అవతలి వైపుకి ఉంది.

పడవ అరలోకి చేరింది. అమ్మాయిలు ఒక్కొక్కరే "థాంక్యూ మేజిస్టర్" అంటూ కొండదారి పట్టారు, ప్రతిరోజూ అన్నట్టే. ఆ గుంపులో టాబీ గొంతు కూడా ఉందో లేదో అతనికి తెలియలేదు.

అతడు రేవు బల్ల మీదికొచ్చి నిలబడ్డాడు. ఐదు కావడానికి ఇరవై నిమిషాలుంది. పేర్లు పంపాలి. మొదటి పడవ, నాలుగో సీటు, జోస్లిన్ వెదరిల్. ఇందులో ఇంక ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు.

బడి వైపునుంచి లూసియెన్ గబగబా దిగి వస్తోంది. తెల్లకోటు మీదే ఉంది. కట్టు కట్టించుకోవడానికి వచ్చిన పిల్లెవరో మోసుకెళ్ళినట్టుంది కబురు. ఈ బళ్ళో కబురుకి కాళ్ళక్కర్లేదు. లూసియెన్ వారం రోజుల తరవాత నవ్వుతోంది, దూరంనుంచే చెయ్యి ఊపింది.

"చెప్పావట!" అంది ఆయాసపడుతూ. అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "అందరి ముందూ చెప్పావట కదా! నాకు తెలుసు నువ్వు చెప్తావని. బఠాణీ సూప్ పొయ్యిమీద పెట్టొచ్చాను, ముగ్గురికీ. ఓడిపోయిందట కదా పాపం, పోనీలే, అది తట్టుకుంటుంది. ఏదీ అది? సంచులు దించడానికి నేనే వెళ్దామనుకున్నా, మళ్ళీ అదే దించుకుంటుందిలే అని..."

లోవెల్ ఆమెకేసి చూడలేకపోయాడు. కొండదారికేసి చూశాడు. ఆమె కూడా అటు చూసింది. అమ్మాయిల గుంపు హాస్టల్ ముందు విడిపోతోంది. పికరింగ్ వాళ్ళ ఇంటి తలుపు కుడివైపు. టాబీ ఎడంవైపు తిరిగి, మిన్నా వెనకే, హాస్టల్ మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయింది.

లూసియెన్ చేతులు వదిలేసింది.

"లోవెల్," అంది, "నువ్వు మళ్ళీ ఏమన్నావ్?"